బొగ్గుకి ఫార్ములా ఉందా? వేడి చేస్తే కరుగుతుందా?

బొగ్గు కెమికల్ ఫార్ములా ఏమిటి, వేడి చేస్తే కరుగుతుందా అని అడిగారు. ఫార్ములా లేదు. కరగడం సంగతి ఏ బొగ్గు అన్నదాన్ని బట్టి ఉంటుంది. బొగ్గు టెస్టింగ్ ల్యాబ్‌లో కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి చూసినదే చెబుతాను.

బొగ్గంటే ఉత్త కార్బన్ అనుకుంటాం. కానీ అందులో బెంజీన్ లాంటి వలయాలు కొన్నేసి అతుక్కుని చిన్న చిన్న గుంపులుగా ఉంటాయి. ఆ గుంపుల్ని మిథిలీన్ వంతెనలు, ఆక్సిజన్ వంతెనలు కలుపుతాయి. అంచుల్లో మిథైల్, హైడ్రాక్సిల్ లాంటి చిన్న అణు సమూహాలు. అక్కడక్కడా సల్ఫర్, నైట్రోజన్. ఏ రెండు ముక్కల్లోనూ అల్లిక ఒకేలా ఉండదు. అందుకే రిపోర్టులో ఫార్ములా బదులు ఏ మూలకం ఎంత ఉందో శాతాలే రాస్తాం.

గాలి తగలకుండా వేడి చేస్తే ముందు తేమ పోతుంది. 350 డిగ్రీల ప్రాంతంలో వంతెనలు తెగడం మొదలవుతుంది. అసలు కథ ఇక్కడే. తెగిన కొసలకి బొగ్గులోనే ఉన్న హైడ్రోజన్ దొరికితే అవి చిన్న అణువులుగా స్థిరపడతాయి. కొన్ని గ్యాస్‌గా, తారుగా బయటికి పోతాయి, మిగతావి లోపలే ఉండి బొగ్గుని మెత్తబరుస్తాయి. దొరక్కపోతే కొసలు ఒకదానికొకటి అతుక్కుని, మెత్తబడకముందే బిగుసుకుపోతాయి. ఆక్సిజన్ ఎక్కువున్న బొగ్గులకి పట్టే గతి ఇదే. మెత్తబడినది కూడా 500 దాటేసరికి మళ్లీ గట్టిపడుతుంది. దాన్ని 1000 డిగ్రీల దాకా తీసుకెళ్తే కోక్, అంటే ఉక్కు ఫ్యాక్టరీల్లో ఇనుప ఖనిజం నుంచి ఇనుము తీయడానికి వాడే గట్టి ఇంధనం.

స్వెల్లింగ్ టెస్టులో, అంటే బొగ్గు ఎంత ఉబ్బుతుందో చూసే పరీక్షలో, ఇది కళ్లారా కనిపిస్తుంది. 1 గ్రాము బొగ్గు పొడిని మూతపెట్టిన క్రూసిబుల్‌లో (వేడిని తట్టుకునే చిన్న గిన్నెలో) రెండున్నర నిమిషాల్లో 820 డిగ్రీలకి తీసుకెళ్లాలి. నేను చూసిన సింగరేణి శాంపిళ్లలో మూత తీస్తే నల్లటి పొడే, ఊదితే లేచిపోయేది. ఆస్ట్రేలియా కోకింగ్ కోల్ (కోక్ చేయడానికి పనికొచ్చే బొగ్గు) మాత్రం పూరీలా ఉబ్బి, బూడిదరంగు మెరుపుతో బటన్ లాంటి ముద్ద అయి కూర్చునేది. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. దాని ఆకారాన్ని చార్టుతో పోల్చి 0 నుంచి 9 వరకు నంబరు ఇస్తాం. గోదావరి లోయలో అంత బొగ్గు ఉన్నా అది ఎక్కువగా థర్మల్ ప్లాంట్లకే పోవడానికి, విశాఖ ఉక్కుకి కోకింగ్ కోల్ ఓడల్లో రావడానికి కారణం ఇదే.

మీరు కాలేజీలో ఈ టెస్టు చేయబోతుంటే షెల్ఫ్‌లో నెలల తరబడి పడున్న పొడి వాడకండి. గాలిలోని ఆక్సిజన్ పట్టేసి మంచి కోకింగ్ కోల్ కూడా ఉబ్బడం మానేస్తుంది. అన్నట్టు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోండి, తారు వాసన బట్టలకి పడితే ఓ పట్టాన వదలదు.