‘అయితే’ తర్వాత కామా పెట్టాలా?

సందేహం: మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. మా అమ్మాయి ఆరో తరగతి. ‘హవెవర్’ లాంటి మాటతోనో, ‘ఇఫ్’, ‘వెన్’ ముక్కతోనో వాక్యం మొదలైతే దాని తర్వాత కామా పెట్టాలని ఇంగ్లీషు టీచరు చెబుతారు. పెట్టకపోతే మార్కులు తగ్గిస్తారు. అదే అలవాటుతో తెలుగు రాస్తే, ఆదివారాలు తెలుగు నేర్పే మాస్టారు కామాలన్నీ కొట్టేశారు. పిల్లకి టెన్షన్ పట్టుకుంది. ఎవరి మాట వినాలి?

సమాధానం: అమ్మా, ఇంగ్లీషులో టీచరు మాట, తెలుగులో చాలావరకు మాస్టారి మాట. చాలావరకు అని ఎందుకన్నానో చెబుతాను.

మీరు పంపిన పేజీ ఫొటో చూశాను. ‘పొద్దున్నే, నాన్నతో కలిసి, మెరీనాకు వెళ్ళాను. ఎండ మండిపోతుంటే, గొడుగు వేసుకున్నాం. అయితే, అలలు చూస్తుంటే, ఎండ సంగతే మర్చిపోయాను.’ ఎంత చక్కగా రాసింది! మూడు వాక్యాల్లో ఐదు కామాలు, ఐదింటి మీదా ఎర్ర గీతలు.

ఇంగ్లీషులో కర్త, క్రియ అయ్యాకే సాధారణంగా మిగతావి వస్తాయి. ‘వియ్ విల్ స్టే హోమ్ ఇఫ్ ఇట్ రెయిన్స్’ అన్నప్పుడు కామా అక్కర్లేదు. ‘ఇఫ్’ ముక్కను ముందుకు తెస్తే మాత్రం అది ఎక్కడ ముగిసిందో కంటికి తెలియాలి. ‘రెయిన్స్’ అన్న మాట చివర ఆ సంగతి చెప్పే గుర్తేమీ లేదు. ఆ పని కామా చేస్తుంది. ‘ఇన్ ద మార్నింగ్’ లాంటి చిన్న ముక్కల తర్వాత పెట్టడం, మానడం రాసేవారి ఇష్టం. ‘బట్’ తర్వాత మామూలుగా పెట్టరు.

మనకు క్రియ చివర వస్తుంది. ఎప్పుడు, ఎవరితో, ఎందుకు అన్నవన్నీ దానికి ముందే ఉంటాయి. అదే వాటి సొంత చోటు. ఏదీ కదలనప్పుడు, కదిలిందని గుర్తు పెట్టడం దేనికి? పైగా ‘పడితే’లో ‘తే’, ‘పడినా’లో ‘నా’, ‘పడుతుండగా’లో ‘గా’ వినగానే, ఇక్కడికి ఒక ముక్క అయింది, అసలు క్రియ ఇంకా రావాలి అని తెలిసిపోతుంది. మన కామా ఆ ప్రత్యయంలోనే ఉంది.

ఈ ఊళ్ళోనే ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో మొదటిసారి తెలుగు తాటాకు చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ఊపిరాడలేదు. కామా సంగతి అటుంచండి, మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా లేదు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా అక్షరాల బారు. రెండు మూడు రోజులు కూర్చున్నాక చదవడం వచ్చింది. పద్యమైతే యతిప్రాసలు దారి చూపాయి, వచనమైతే ఈ ప్రత్యయాలే చూపాయి. కామా మనకు అచ్చుతో పాటు వచ్చిన చుట్టం. దానికి వాక్యాంశ బిందువని మన బడి పుస్తకాలు పేరు పెట్టాయి. తమిళులు కాల్‌పుళ్ళి అంటారు, అంటే పావు చుక్క. సెమికోలన్ అర చుక్క, కోలన్ ముప్పావు, ఫుల్‌స్టాప్ నిండు చుక్క. ఎంతసేపు ఆగాలో పేరులోనే ఉంది. మీ అమ్మాయి బళ్ళో తమిళం కూడా చదువుతూ ఉంటే ఇది ఇట్టే పట్టుకుంటుంది.

అయినా ఆ ఐదింటిలో ఒకదాన్ని నేను ఉంచేవాణ్ణి, ‘అయితే’ తర్వాతి కామాను. ఆ మాట రెండు పనులు చేస్తుంది. ‘అయితే రేపు వస్తాను’ అంటే పని పూర్తయితే వస్తానని కావచ్చు, సరే మరి, రేపు వస్తానని కావచ్చు. నోటితో అంటే ఆగడంలో తేడా తెలుస్తుంది, కాగితం మీద కామాయే దిక్కు. ‘పోనీ వాణ్ణి’ అంటే వదిలెయ్యమని, ‘పోనీ, వాణ్ణి పంపు’ అంటే కనీసం వాణ్ణయినా అని. ఇంకా దగ్గరి ఉదాహరణ: బట్టల కొట్టువాడు ఫోనులో చీర ఫొటో పెట్టి పంపించమంటారా అని అడిగాడనుకోండి. ‘మంచిది, పంపండి’ అంటే ఒప్పుకున్నట్టు. ‘మంచిది పంపండి’ అంటే ఇది బాగాలేదు, ఇంకోటి పంపమన్నట్టు. ఇంగ్లీషులోనూ ‘హవెవర్’కు ఈ చిక్కే ఉంది. ‘హవెవర్ హార్డ్ హి ట్రైడ్’ అంటే ఎంత గట్టిగా ప్రయత్నించినా అని, అక్కడ ‘హవెవర్’ పక్కన కామా పెడితే తప్పు.

కామా తీర్చలేని చిక్కులూ ఉన్నాయి. ‘అసలు కట్టలేదు’ అంటే బొత్తిగా కట్టలేదనా, వడ్డీ కట్టి అసలు ఆపాడనా? అక్కడ కామా పెడితే వాక్యం వికారంగా ఉంటుంది. ‘అసలు సొమ్ము కట్టలేదు’ అని మాట మార్చుకోవాలి. ‘కానీ’ తర్వాత కూడా వద్దు, కావలిస్తే దాని ముందు పెట్టండి.

తెలుగులో నిజంగా చోటు మారేది క్రియ తర్వాతికి జారిన మాట. ‘వచ్చాడు, నిన్న’, ‘తినలేదు, ఎంత బతిమాలినా’. కామా అడిగేది ఇలాంటి వాక్యం. మీ అమ్మాయి పేజీ అడుగున ‘మళ్ళీ వెళ్తాం వచ్చే ఆదివారం’ అని ఉంది. అక్కడ ‘వెళ్తాం’ పక్కన కామా పెట్టమనండి. ఆ చోటు మాస్టారు కూడా చూసుకోలేదు.