చిన్న పెట్రోలు ఇంజను అందుకోవడం లేదా? ముందు పెట్రోలు ఎక్కడ ఆగిందో చూడండి

నాలుగు నెలలు పక్కన పెట్టిన ఫోర్ స్ట్రోక్ ఇంజను ఎంత తాడు లాగినా అందుకోవడం లేదు, ట్యాంకులో అప్పటి పెట్రోలే ఉంది, ప్లగ్‌లో స్పార్క్ వస్తోంది, కొత్త కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) కొనాలా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. ఇలా నిలవ ఉండిపోయిన ఇంజన్లలో చాలావరకు తేలేది రెండే: పాడైన పెట్రోలు, మూసుకుపోయిన జెట్టు (కార్బురేటర్ లోపల పెట్రోలు పోయే సన్నటి రంధ్రమున్న ముక్క). కార్బురేటర్ విప్పడం కూడా మొదటి పని కాదు. ట్యాంకు నుంచి ప్లగ్ దాకా పెట్రోలు వచ్చే దారిలో ఒక్కో మెట్టు దగ్గర ఆగి, ఇక్కడిదాకా వచ్చిందా లేదా అని చూసుకుంటూ వెళ్తే లోపం దానంతటదే బయటపడుతుంది.

పని ఆరుబయట, ఇంజను పూర్తిగా చల్లారాక చెయ్యండి. సిలిండర్‌లో పెట్రోలు ఉన్నప్పుడు విప్పిన ప్లగ్‌ని దాని రంధ్రం పక్కనే పెట్టి స్పార్క్ చూడొద్దు. తాడు లాగగానే ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి బయటికి చిమ్ముతుంది, దానికి అంటుకుంటే మంట నేరుగా ముఖం మీదికి వస్తుంది.

అన్నిటికన్నా ముందు ప్లగ్ చూడండి. చోక్ (కార్బురేటర్‌లోకి గాలి తగ్గించే తలుపు) మూసి ఐదారుసార్లు తాడు లాగి, వెంటనే ప్లగ్ విప్పండి. మొన పొడిగా ఉంటే పెట్రోలు లోపలికి చేరడం లేదు. తడిగా ఉండి పెట్రోలు వాసన వస్తే చేరుతోంది, బహుశా ఎక్కువగానే చేరుతోంది. తడి ఉండి అది పెట్రోలులా ఆరిపోకుండా బొట్లు బొట్లుగా నిలిస్తే నీళ్లు కలిశాయని. ఇంజను తయారీదారు వేరే చెప్పకపోతే ఫోర్ స్ట్రోక్‌లో ప్లగ్ గ్యాప్ (మొన దగ్గర స్పార్క్ దూకే ఖాళీ) 0.7 నుంచి 0.8 మి.మీ. ఉండాలి. విప్పారు కాబట్టి అదీ సరిచూడండి.

పొడిగా ఉంటే, ప్లగ్ రంధ్రంలో అర టీస్పూను, అంటే రెండు మూడు మి.లీ. తాజా పెట్రోలు పోసి, ప్లగ్ బిగించి, చోక్ తెరిచి తాడు లాగండి. ఒకటి రెండు సెకన్లు పేలి ఆగిపోయిందంటే స్పార్కూ కంప్రెషనూ (సిలిండర్‌లో గాలి నొక్కుకోవడం) పనికొచ్చేలా ఉన్నట్టే, పెట్రోలు దారిలోనే అడ్డు ఉంది. ఒక్కసారి కూడా పేలకపోతే కార్బురేటర్ జోలికి వెళ్లకండి. స్పార్క్, కంప్రెషన్, వాల్వులు చూడాలి. ఇంజన్ ఆయిల్ మట్టం కూడా చూడండి: కొన్ని ఇంజన్లలో ఆయిల్ తగ్గితే స్పార్క్ ఆపేసే సెన్సర్ ఉంటుంది. బయటినుంచి చూస్తే అది అచ్చం పెట్రోలు అందని లోపంలాగే ఉంటుంది.

ఇక పెట్రోలు సంగతి. నాలుగు నెలల పెట్రోలుతో పరీక్ష చేసి లాభం లేదు. తేలిగ్గా ఆవిరై ఇంజను అందుకునేలా చేసే పదార్థాలు ముందే ఎగిరిపోతాయి, మిగిలింది మెల్లగా జిగురుగా మారుతుంది. ఎథనాల్ కలిసిన పెట్రోలైతే గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. నీళ్లు ఒక హద్దు దాటితే ఎథనాలూ నీళ్లూ కలిసి అడుగున వేరే పొరగా దిగిపోతాయి. పెట్రోలు కాక్ (పెట్రోలు వదిలే చిన్న కుళాయి) ట్యాంకు అడుగునే ఉంటుంది కాబట్టి ఇంజనుకు ముందు అందేది ఆ పొరే. ఒక గాజు సీసాలో కొంచెం పట్టి పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున గీత గీసినట్టు వేరే పొర కనిపించినా, రంగు ముదిరినా, ఘాటు పోయి వార్నిష్ వాసన వచ్చినా ట్యాంకు మొత్తం ఖాళీ చెయ్యండి. కొత్త పెట్రోలు కలిపి వాడేద్దాం అనుకోవద్దు, అడుగున దిగిన నీళ్లు అలా ఎక్కడికీ పోవు.

కొత్త పెట్రోలు పోశాక, కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలోకి వదిలి కాక్ తెరవండి. ట్యాంకు పైన, కార్బురేటర్ కింద ఉన్న ఇంజన్లలో ధార తెగకుండా రావాలి. మొదట బాగా వచ్చి మెల్లగా సన్నబడి చుక్కలైతే ట్యాంకు మూత వదులు చెయ్యండి. వెంటనే ధార పుంజుకుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. పది నిమిషాలు నడిచి ఆగిపోయి, కాసేపటికి మళ్లీ అందుకునే ఇంజన్లలో చాలాసార్లు తప్పు ఈ మూతదే. మొదటినుంచీ చుక్కలే వస్తుంటే కాక్ లోపలి జల్లెడ, దాని కింద మడ్డి దిగే చిన్న కప్పు విప్పి కడగండి. పైపు పైకి బాగున్నా లోపలి పొర ఉబ్బి దారి మూసేయడం పాత రబ్బరులో మామూలే, అనుమానం ఉంటే మార్చెయ్యండి. మధ్యలో ఎవరైనా కాగితం ఫిల్టర్ పెట్టి ఉంటే తీసి చూడండి. పంపుతో నెట్టే ఇంజన్ల కోసం చేసిన ఫిల్టర్లలోంచి, కేవలం ఎత్తు మీద ఆధారపడి దిగే పెట్రోలు సరిగ్గా పోదు.

ఇప్పుడు కార్బురేటర్ విప్పకుండానే చెయ్యగల మంచి పరీక్ష ఒకటుంది. పైపు తిరిగి తగిలించి, కాక్ తెరిచి, ఫ్లోట్ బౌల్ (కార్బురేటర్ కింద పెట్రోలు నిలిచే గిన్నె) అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చెయ్యండి. బౌల్‌లో ఉన్నది ముందు దిగుతుంది. అది అయిపోయాక అందులో తేలే ఫ్లోట్ కిందికి జారి, పెట్రోలు వచ్చే రంధ్రాన్ని మూసే నీడిల్ తెరుచుకుంటుంది కాబట్టి పెట్రోలు ఇంకా వస్తూనే ఉండాలి. బౌల్ ఖాళీ అయ్యాక ఆగిపోతే నీడిల్ దాని సీటుకు అంటుకుపోయింది. స్క్రూడ్రైవర్ పిడితో బౌల్ పక్కన మెల్లగా రెండు దెబ్బలు వేస్తే ఒక్కోసారి వదులుతుంది. ఆగకుండా వస్తూ ఉండి, ప్లగ్ మాత్రం పొడిగానే ఉంటే జెట్లు మూసుకుపోయాయి. అప్పుడే విప్పండి.

విప్పేముందు స్ప్రింగులు, లివర్లు ఏ రంధ్రంలో ఉన్నాయో ఫోటో తీసుకోండి. వేగాన్ని అదుపు చేసే గవర్నర్ స్ప్రింగు పక్క రంధ్రంలో పెడితే ఇంజను వేగం మారిపోతుంది. బౌల్ బోల్టు తీయగానే అందులోనే రంధ్రం ఉందేమో చూడండి, కొన్నిటిలో మెయిన్ జెట్ ఆ బోల్టులోనే ఉంటుంది. మిగతావాటిలో మధ్య స్తంభం లోపల ఉంటుంది. జెట్లు మెత్తటి ఇత్తడివి, గాడికి సరిగ్గా నిండే స్క్రూడ్రైవర్ కాకపోతే అంచులు చిరిగిపోతాయి. జెట్టు తీసి వెలుతురుకేసి చూడండి: శుభ్రంగా ఉంటే గుండ్రటి చుక్కలా కాంతి కనిపిస్తుంది, జిగురు పట్టి ఉంటే అది నెలవంకలా తరిగి కనిపిస్తుంది. కరెంటు తీగలోంచి తీసిన ఒక్క రాగి పోగుతో కార్బురేటర్ క్లీనర్ చల్లుతూ తోమండి. సూది, డ్రిల్ బిట్ వాడితే రంధ్రం పెద్దదై, ఇకనుంచీ పెట్రోలు ఎక్కువ పోతుంది. జెట్టు పైన ఉండే ఎమల్షన్ ట్యూబు (పెట్రోలులో గాలి కలిపే చిల్లుల గొట్టం) కూడా తీసి, దాని పక్క రంధ్రాలన్నీ తెరవండి. ఐడిల్ (బరువు లేనప్పటి నెమ్మది వేగం) స్క్రూ దగ్గర ఉండే పైలట్ జెట్‌ను చాలామంది వదిలేస్తారు. దాని రంధ్రం మెయిన్ జెట్ కంటే సన్నం, ముందు మూసుకునేది అదే. ఇంజను అందుకున్నా ఐడిల్‌లో నిలవకపోతే కారణం తరచూ ఇదే. క్లీనర్ చల్లేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, అది ఏ రంధ్రంలోంచి కళ్లలోకి తిరిగి చిమ్ముతుందో చెప్పలేం. రబ్బరు భాగాలన్నీ ముందే తీసెయ్యాలి, లేకపోతే ఉబ్బిపోతాయి.

ఫ్లోటును చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల పెట్రోలు కదిలినట్టుంటే అది మునుగుతుంది, మార్చాలి. నీడిల్ మొన మీద చుట్టూ గీత పడి ఉంటే అదీ మార్చాలి. అమర్చాక కార్బురేటర్‌ను తలకిందులు చేసి, ఇన్‌లెట్‌కు శుభ్రమైన పైపు ముక్క పెట్టి ఊదండి. గాలి పోకూడదు. మామూలుగా నిలబెట్టి ఊదితే పోవాలి. ఈ రెండూ సరిపోతే నీడిల్ పని చేస్తున్నట్టే.

ప్లగ్ తడిసి ఉన్నవాళ్లది వేరే దారి. కాక్ మూసి, ప్లగ్ విప్పి తుడిచి, ప్లగ్ వైరును రంధ్రానికి దూరంగా పెట్టి, స్విచ్ ఆఫ్ చేసి, చోక్, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పది సార్లు తాడు లాగితే అదనపు పెట్రోలు బయటికి పోతుంది. పోయినా మళ్లీ మళ్లీ తడుస్తుంటే నీడిల్ మూసుకోవడం లేదని అర్థం. అలాంటప్పుడు ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. మట్టం పెరిగి పెట్రోలు వాసన కొడితే, ఆ పెట్రోలు ఆయిల్‌లోకి దిగింది. పలచబడ్డ ఆయిల్‌తో ఒక్క నిమిషం కూడా నడపొద్దు, ఆయిల్ మార్చాకే స్టార్ట్ చెయ్యండి.

చోక్ మూసి ఉన్నంతసేపే నడిచి, తెరవగానే ఆగిపోతే, జెట్టు ఇంకా సగం మూసుకుని ఉంది లేదా కార్బురేటర్, ఇంజను మధ్య గ్యాస్కెట్ దగ్గర గాలి లాగుతోంది. నట్లు బిగించి, గ్యాస్కెట్ చిరిగిందేమో చూడండి.

టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్ (గడ్డి కోసే యంత్రం), చైన్ సా (మోటారు రంపం) లాంటివాటిలో ఫ్లోట్ ఉండదు, డయాఫ్రమ్ (వంగే పలచటి పొర) ఉంటుంది. ప్రైమర్ బల్బు నొక్కితే తిరిగి ఉబ్బకపోతే ట్యాంకులోని ఫిల్టరో పైపో మూసుకుంది. ఎంత నొక్కినా గాలి బుడగలే వస్తుంటే పైపు ఎక్కడో చీలింది. రెండూ బాగుండి ప్లగ్ పొడిగా ఉంటే డయాఫ్రమ్ గట్టిపడి ఉంటుంది, వేలితో వంచితే కాగితంలా చప్పుడు చేస్తుంది. డయాఫ్రమ్ కిట్ మారిస్తే సరిపోతుంది.

కార్బురేటర్ మొత్తం మార్చాల్సింది లోపలి అల్యూమినియంను తుప్పు తెల్లటి పొడి రాలేలా తినేసినప్పుడు, లేదా నీడిల్ సీటు అరిగి, కొత్త నీడిల్ వేసినా ఊదితే గాలి పోతున్నప్పుడు. శుభ్రం చేసి అమర్చినదైనా, కొత్తదైనా, బిగించాక కాక్ తెరిచి పది నిమిషాలు ఆగండి. బౌల్ చుట్టూ, గాలి లోపలికి పోయే మూతి దగ్గర ఎక్కడా తడి కనిపించకపోతేనే తాడు పట్టుకోండి.