చెల్లాయికి, కోడలి సంగతి

చెల్లాయ్,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకూ మాట పెగల్లేదు. అందుకే రాస్తున్నాను. మనవడికి ఆటిజం అని డాక్టరుగారు చెప్పారన్నావు. ఆ వెంటనే "మా కోడలే ఫోన్ చూపించి పాడుచేసిందక్కా" అన్నావు. ఆ మాట ఇంకెప్పుడూ అనకు. ఆటిజం పెంపకం వల్ల రాదు, టీకాల వల్ల రాదు. వెనకటికి పెద్ద పెద్ద డాక్టర్లే తల్లి ప్రేమగా చూడకపోతే వస్తుందనేవాళ్ళు, తరవాత అది తప్పని తేలింది. మా మనవడికీ ఇదే అని తెలిసినప్పుడు నేనూ మా కోడల్ని అలాంటి మాటే అన్నాను. ఇప్పుడు మావాడికి 17 ఏళ్ళు, ఆ పిల్ల ఇంకా మర్చిపోలేదు.

వస అరగదీసి నాకించమంటారు ఎవరో ఒకరు. మేమూ నాకించాం, మాటలు రాలేదు. మొక్కులు మొక్కుకో, కానీ వాటి కోసం థెరపీ ఒక్క రోజు కూడా మానిపించకు. మాట రాకపోయినా పిల్లాడు చెప్పుకునే దారి ఉంటుంది. మంచినీళ్ళ గ్లాసు, బాత్రూము, బండి ఫొటోలు తీసి పాత క్యాలెండరు అట్టల మీద అంటించాం. ఆరో ఏట మావాడు గ్లాసు బొమ్మ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ రోజు మా ఇంట్లో పండగే. బొమ్మలు అలవాటైతే ఇక మాట్లాడడేమోనని భయపడకు, అవి మాటకి అడ్డు రావు.

కుక్కరు విజిల్ వేస్తే చెవులు మూసుకుని గోడకి తల కొట్టుకుంటాడన్నావు. అది మొండితనం కాదమ్మా, ఆ చప్పుడు వాడికి నిజంగానే బాధ. విజిల్ వస్తుందని ముందే చెప్పి వెనక గదిలోకి తీసుకెళ్ళు. వాడు ఇంట్లో లేనప్పుడు మిక్సీ వేసుకోండి. ఏడుపు ముదిరినప్పుడు ప్రశ్నలు వెయ్యకు, తిట్టకు, జనాన్ని చుట్టూ చేరనివ్వకు. తలకి దిండు అడ్డం పెట్టి, లైటు ఆపి పక్కన కూర్చో.

పెళ్ళిళ్ళు మానుకోవద్దు. ముందురోజే ఖాళీ హాలు చూపించి తీసుకురండి. గట్టిమేళం వేళకి వాణ్ణి ఎత్తుకుని బయటికి వెళ్ళే మనిషివి నువ్వవ్వు. మనం చాలా తాళిబొట్లు చూశాం, ఈసారి కోడల్ని చూడనీ.

సంపు మూతకి ఈ రోజే తాళం వేయించు. ఇలాంటి పిల్లలు చెప్పకుండా బయటికి వెళ్ళిపోతుంటారు, చాలామందికి నీళ్ళంటే ప్రాణం. మావాడు ఒకసారి చెరువుగట్టు మీద దొరికాడు. ఆ అరగంట తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతాయి. చొక్కా లోపల ఫోన్ నంబరు కుట్టించు.

కాగితాల పని మీ అబ్బాయిది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది కాబట్టి వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్‌కి, దివ్యాంగుల గుర్తింపు కార్డుకి (యూడీఐడీ) దరఖాస్తు పెట్టమను. అవి చేతికొస్తే ఇలాంటి పిల్లల కోసం ఉన్న నిరామయ ఆరోగ్య బీమా తీసుకోవచ్చు, ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీ ఖర్చూ అందులో ఉంటుంది. మండలంలో ఇలాంటి పిల్లలకి నేర్పే సర్కారు భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కోమను. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో బుద్ధి ఎదుగుదలలో ఇబ్బంది ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ (ఎన్ఐఈపీఐడీ) ఉంది, ఒకసారి అక్కడా చూపించండి.

ఇక కోడలు. రాత్రి రెండింటికి లేచి గెంతే పిల్లాడితో ఆ పిల్ల ఎన్నాళ్ళ నుంచి నిద్ర లేకుండా ఉందో ఎవరైనా అడిగారా? రోజూ సాయంత్రం ఒక గంట వాడు నీ దగ్గరే. ఆ గంట ఆమె పడుకున్నా, ఊరికే కూర్చున్నా ఏమీ అనకు. వాడికి అలవాటైన పెరుగన్నమే పెట్టు, ఊరగాయ కలిపి చూద్దామనుకోకు.

సంక్రాంతికి వస్తాను. దీంతోపాటు నా ఫొటో ఒకటి పెడుతున్నాను, ఇప్పటినుంచీ రోజూ వాడికి చూపించు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి వాడికి కొత్త మనిషిని కాకూడదు.

మీ అక్క