ఇంజిన్ వణుకుతోంది, యాప్ ఇంజెక్టర్ కొనమంటోంది

ప్రశ్న: నాది 2002 నాటి పెట్రోలు పికప్ ట్రక్కు, ఆరు సిలిండర్ల ఇంజిన్. మొన్నటిదాకా చక్కగా నడిచింది. నిన్న పొద్దున స్టార్ట్ చేయగానే బండంతా వణకడం మొదలైంది, చెక్ ఇంజిన్ లైటు కూడా వెలిగింది. బ్లూటూత్ స్కానర్‌ను ఫోనుకు కలిపి చూస్తే ‘పీ0303’ అనే కోడ్ వచ్చింది. సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ మార్చమని యాప్ చెబుతోంది. కొనమంటారా? లేక కోడ్ చెరిపేసి చూడాలా?

జవాబు: ఇప్పుడే ఏదీ కొనకండి. ఆ కోడ్‌లోని చివరి అంకె సిలిండర్ నంబరు. మూడో సిలిండర్‌లో ఇంధనం సరిగా మండడం లేదని దానికి అర్థం. ఎందుకు మండడం లేదో బండిలోని కంప్యూటర్‌కు తెలియదు. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్ వేగాన్ని గమనిస్తూ, మూడో సిలిండర్ వంతు వచ్చినప్పుడల్లా వేగం తగ్గుతుంటే ఆ సంగతి నమోదు చేస్తుంది, అంతే. ‘ఇంజెక్టర్’ అన్న మాట యాప్ తయారు చేసినవాళ్లది. అదే కోడ్‌కు నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్, దానికి కరెంటు అందించే కాయిల్, వాల్వు, ఏదైనా కారణం కావచ్చు.

లైటు నిలకడగా వెలుగుతోందా, ఆరి వెలుగుతోందా? ఆరి వెలుగుతుంటే బండి నడపడం వెంటనే ఆపండి. మండని పెట్రోలు పొగగొట్టంలోకి చేరి, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది. దాని ఖరీదు ముందు ఇంజెక్టర్ ఖరీదు ఎంత!

యాప్‌లో ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ అనే పేజీ ఉంటుంది. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేగం, వేడి, దానిపై భారం ఎంతున్నాయో అందులో ఉంటాయి. కోడ్ చెరిపితే అవీ పోతాయి కాబట్టి ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

మీ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో కాయిల్ ఉంటే అసలు పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇంజిన్ చల్లారాక మూడో సిలిండర్ కాయిల్‌ను ఒకటో దానికి, ఒకటో దాన్ని మూడో దానికి మార్చండి. ముందు నుంచి లెక్కపెడితే మూడోది వచ్చేస్తుందనుకోకండి, వరుస ఇంజిన్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి. ఇప్పుడు కోడ్ చెరిపి ఇంజిన్‌ను కాసేపు నడపండి. పీ0301 వస్తే దోషం కాయిల్‌తో పాటు కదిలినట్టే, కాయిల్ కొనండి. మళ్లీ పీ0303 వస్తే కాయిల్ బాగుందని అర్థం. ఈసారి ప్లగ్‌లను అటూ ఇటూ మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది దొంగో తేలదు.

ప్లగ్ తీసినప్పుడు వెలుతురులో తిప్పి చూడండి. తెల్లని పింగాణీ మీద పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్లగీత కనిపిస్తే, నిప్పురవ్వ చివరిదాకా చేరకుండా పక్కదారి పడుతోందన్నమాట. కొన పెట్రోలుతో తడిసి ఉంటే ఇంజెక్టర్ పెట్రోలు చిమ్ముతూనే ఉంది, నిప్పు అందడం లేదేమో అనుకోవాలి. అప్పుడు యాప్ సలహా ఎటు పోయిందో చూడండి.

ఒకే సిలిండర్ కాకుండా, పలు సిలిండర్లలో ఇంధనం సరిగా మండడం లేదని చెప్పే పీ0300 వచ్చి ఉంటే కథ వేరు. యాప్‌లోని లైవ్ డేటాలో ‘ఫ్యూయల్ ట్రిమ్’ చూడండి, కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో అది చెబుతుంది. యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అది 10 శాతానికి పైన ఉండి, నిమిషానికి 2,500 చుట్ల వేగానికి పెంచగానే తగ్గితే ఏదో వ్యాక్యూమ్ గొట్టం పగిలి గాలి దూరుతోందని అనుమానించాలి. పాత బండ్లలో రబ్బరు ఎండి పగలడం మామూలే. వేగం పెంచేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే ఇంధన పంపు, ఫిల్టర్ల వైపు చూడాలి.

కాయిల్, ప్లగ్ రెండూ బాగుండి పీ0303 వదలకపోతే ఇంజెక్టర్ వంతు. దానికి ముందు సిలిండర్‌లో ఒత్తిడి సరిగా ఉందో లేదో చూసే కంప్రెషన్ పరీక్ష చేయించడం మేలు. వాల్వు కాలిపోయి ఉంటే కొత్త ఇంజెక్టర్ వేసినా వణుకు తగ్గదు.