గోడల మీద వెలుగులు కూడు పెడతాయా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ, రెండో ఏడాది. టోక్యోలోని టీమ్‌ల్యాబ్ అనే డిజిటల్ కళా బృందం వీడియోలు చూసి, తనూ అలాంటి ఇంటరాక్టివ్ ఆర్ట్ (మనిషి కదలికకు స్పందించే కళ) చేస్తానంటోంది. రాత్రిళ్లు చదువు పక్కన పెట్టి, సెన్సర్లు, వైర్లు, అద్దె ప్రొజెక్టర్‌తో హాల్లో ముగ్గు వెలిగిస్తూ టైమ్ వేస్ట్ చేస్తోంది. మేం సీఎస్ఈ అంటున్నాం. ఒక ప్రైవేట్ కాలేజీ వాళ్లు 'మెటావర్స్ డిజైన్' (కంప్యూటర్‌లో సృష్టించే 3డీ లోకాల డిజైన్) సీటు ఇస్తామంటున్నారు. ఏది మేలు?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ అసలు టెన్షన్ కోర్సు గురించి కాదు. రేపు ఉద్యోగం రాకపోతే ఎలా, ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి అన్నదే కదా. ముందుగా ఒక మాట, కోపం తెచ్చుకోకండి. మనిషి దగ్గరికి రాగానే సెన్సర్ పసిగట్టాలి, కోడ్ వెంటనే స్పందించాలి, వెలుగు సరిగ్గా ముగ్గు గీతల మీదే పడాలి. ఇంటర్ పిల్ల సొంతంగా ఇంత చేస్తుంటే టైమ్ వేస్ట్ అని ఎలా అనగలిగారు? లక్షలు పోసి సీఎస్ఈలో నేర్పిద్దామనుకుంటున్నదాంట్లో కొంత ఆ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టేసింది.

టీమ్‌ల్యాబ్ గదుల్లో కదలకుండా నిలబడితే చుట్టూ పూలు పూస్తాయి, ముట్టుకుంటే రాలిపోతాయి. అవి రికార్డు చేసిన వీడియోలు కావు, ప్రోగ్రామ్ అప్పటికప్పుడు గీసే బొమ్మలు. అందుకే 2001లో మొదలైన ఆ బృందంలో చిత్రకారులతో పాటు ప్రోగ్రామర్లు, ఇంజినీర్లు, గణితవేత్తలు, ఆర్కిటెక్టులు కూడా ఉన్నారు. సీఎస్ఈ చదివితే ఈ దారి మూసుకుపోతుందని అమ్మాయీ బెంగపడక్కర్లేదు.

నా అనుమానమంతా ఆ మెటావర్స్ సీటు మీదే. 2021లో ఫేస్‌బుక్ కంపెనీ మెటాగా పేరు మార్చుకున్నాక, మెటావర్స్ అన్న పదం బ్రోషర్లకెక్కింది. డిగ్రీ నాలుగేళ్లు, ఫ్యాషన్ పేరుకు అంత ఆయుష్షు ఉంటుందా? పరికరాల సంగతీ అంతే. ఇన్‌స్టలేషన్లు (ఇలా ఒక చోట అమర్చి చూపే కళాకృతులు) చేసేవాళ్లు ఎగబడి వాడిన, మనిషి కదలికను పసిగట్టే కినెక్ట్ కెమెరా 2010లో వచ్చింది, 2017లో దాని తయారీ ఆపేశారు. ఒక పరికరమో సాఫ్ట్‌వేరో మాత్రమే నేర్పే కోర్సుతో పిల్లలు ఎన్నాళ్లు నెట్టుకొస్తారు? కోడింగ్, ఎలక్ట్రానిక్స్, డ్రాయింగ్ వస్తే కొత్త పరికరం ఏదొచ్చినా పట్టేస్తారు.

సంపాదన విషయం దాచను. మన దగ్గర ఈ పని ఎక్కువగా మ్యూజియాలు, ఎగ్జిబిషన్లు, కంపెనీల ఈవెంట్లు, పెద్దింటి పెళ్లిళ్లలో దొరుకుతుంది. చాలామందికి ప్రాజెక్టును బట్టే డబ్బు, ఒకటో తారీకు జీతం కాదు. అయితే ఇవే నైపుణ్యాలకు గేమింగ్‌లో, యాప్ డిజైన్‌లో నెల జీతాలూ ఉన్నాయి, కాబట్టి పిల్ల వీధిన పడుతుందన్న భయం వద్దు.

పోల్చి చెప్పమన్నారు. డిజైన్ డిగ్రీ ప్రవేశ పరీక్ష యూసీడ్‌లో మంచి ర్యాంకు వస్తే ఐఐటీ హైదరాబాద్‌లో బీడెస్ (డిజైన్ డిగ్రీ) నా మొదటి ఓటు. రాకపోతే సీఎస్ఈలో చేర్చి, ముగ్గుల పని మానిపించకండి. తర్వాత ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) గాంధీనగర్ క్యాంపస్‌లో న్యూ మీడియా డిజైన్ ఎండెస్ (డిజైన్ పీజీ) ఉంది. ప్రైవేట్ కాలేజీకి వెళ్లేటట్టయితే అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. ఫైనలియర్ పిల్లలు చేసిన ఇన్‌స్టలేషన్ ఒకటి ఆన్ చేసి చూపించమనండి. కళ్లకు పెట్టుకునే వీఆర్ హెడ్‌సెట్లు, బ్రోషర్లు తప్ప ఇంకేమీ చూపించకపోతే అడ్వాన్స్ కట్టకుండా వచ్చేయండి.