స్కాన్‌లో కనిపించని తల గాయంపై పరిశోధన: ఈసీఈ వాళ్లకు దారి ఉందా?

ప్రశ్న: బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. అమెరికాలో మాజీ సైనికుల మెదడు గాయాలను ఎంఆర్ఐతో అధ్యయనం చేస్తున్నారని చదివాను. ఆ పరిశోధనలోకి వెళ్లాలంటే ఎంబీబీఎస్ ఉండాలా? ఎంఆర్ఐ టెక్నీషియన్ కోర్సు చేస్తే సరిపోతుందా?

జవాబు: రెండూ అక్కర్లేదు. టెక్నీషియన్ కోర్సు ఆసుపత్రిలో స్కాన్ తీసే ఉద్యోగానికి మంచిది. మీరు చెప్పే పని స్కాన్ తీశాక మొదలవుతుంది.

ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల్లో బాంబు పేలుళ్ల దగ్గర ఉన్న సైనికులు చాలామందికి స్పృహ తప్పినా అరగంట లోపే తిరిగి వచ్చింది. సీటీ, మామూలు ఎంఆర్ఐ చూస్తే నార్మల్. కానీ తలనొప్పి, మతిమరుపు, నిద్రలేమి కొందరిని ఏళ్ల తరబడి వదల్లేదు. అలాంటివాళ్ల మీద డిఫ్యూజన్ టెన్సర్ ఇమేజింగ్ అనే ప్రత్యేక ఎంఆర్ఐ పద్ధతి వాడుతున్నారు. మెదడులోని నరాల పోగుల వెంట నీటి అణువులు ఎటు కదులుతున్నాయో ఇది కొలుస్తుంది. పోగు దెబ్బతింటే ఆ కదలిక తీరు మారుతుంది.

జర్మనీలోని లాండ్‌స్టూల్ సైనిక ఆసుపత్రికి తరలించిన అమెరికా సైనికుల మీద జరిగిన అధ్యయనం 2011లో వచ్చింది. తలకు స్వల్ప గాయమని డాక్టర్లు తేల్చిన 63 మందిలో, ఈ పద్ధతిలో చూస్తే మామూలుగా ఉండేదానికంటే స్పష్టంగా ఎక్కువ తేడాలు కనిపించింది 18 మందిలోనే. మిగతా 45 మందికి గాయం లేదనలేం. పైగా యుద్ధం మిగిల్చే పీటీఎస్‌డీ (భయంకర అనుభవాల తర్వాత వచ్చే మానసిక సమస్య) లక్షణాలు కూడా దాదాపు ఇలాగే ఉంటాయి. ఒక్కరి స్కాన్ చూసి తేల్చి చెప్పే దశకు ఈ పద్ధతి ఇంకా రాలేదు. స్కాన్ బాగుందని ఆ మనిషి బాధను కొట్టిపారేయకుండా ఉండాలంటే, లెక్క గట్టిగా వచ్చినవాళ్లు ఈ రంగంలోకి రావాలి.

మీకు సిగ్నల్ ప్రాసెసింగ్ వచ్చు కదా! ఎంఆర్ఐ యంత్రం పట్టుకునేది సిగ్నలే, దాన్ని బొమ్మగా మార్చేది మీరు చదివిన ఫోరియర్ ట్రాన్స్‌ఫామే. దానికి స్టాటిస్టిక్స్, పైథాన్ జోడించండి. మెదడు స్కాన్‌లను విశ్లేషించే ఎఫ్ఎస్ఎల్ సాఫ్ట్‌వేర్ చదువు కోసం ఉచితం, ఓపెన్‌న్యూరో వెబ్‌సైట్‌లో స్కాన్‌ల డేటా కూడా ఉచితమే. ఫైనలియర్ ప్రాజెక్టు దీని మీదే చేయండి.

తర్వాత గేట్ రాసి ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ ప్రయత్నించవచ్చు. మెదడు పరిశోధనకు మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్, బెంగళూరు నిమ్‌హాన్స్ ఉన్నాయి. అమెరికా మాజీ సైనికుల మీదే పనిచేయాలంటే బోస్టన్‌లోని ట్రాక్ట్స్ (మాజీ సైనికుల ప్రభుత్వ ఆసుపత్రిలోని మెదడు గాయాల పరిశోధన కేంద్రం) లాంటి కేంద్రాలతో కలిసి పనిచేసే యూనివర్సిటీ ల్యాబ్‌లు చూడండి. అక్కడి ప్రభుత్వ ఉద్యోగాలకు పౌరసత్వ నిబంధనలు అడ్డొస్తాయి కాబట్టి యూనివర్సిటీ దారే నయం. అప్పు చేసి ఎంఎస్‌కు వెళ్లే టెన్షన్ పెట్టుకోకండి, స్టైపెండ్ ఇచ్చే పీహెచ్‌డీకే దరఖాస్తు చేయండి. ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టేముందు ఆ ల్యాబ్ పేపర్ ఒకటి పూర్తిగా చదివి, అందులోని పద్ధతిని ఉచిత డేటా మీద మీరే నడిపి, వచ్చిన ఫలితాన్ని మెయిల్‌కు జతచేయండి.