ముసలి కుక్క ఏమంటోందే?

ప్రశ్న: నా చిన్నప్పుడు కేబుల్ టీవీలో చూసి ఏడ్చిన సినిమా ‘హోమ్‌వర్డ్ బౌండ్’. రెండు కుక్కలు, ఒక పిల్లి తమ ఇంటివాళ్లను వెతుక్కుంటూ కొండలు దాటి వస్తాయి. మొన్న ఆదివారం మా తొమ్మిదేళ్ల బాబును పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చూశాను. పావుగంటకే వాడు ‘అమ్మా, మాటలు వినిపిస్తున్నాయి కానీ వీటి నోళ్లు కదలట్లేదేంటి?’ అని లేచి, ట్యాబ్ పట్టుకుని వెళ్లిపోయాడు. నేనొక్కదాన్నే చివరిదాకా చూసి మళ్లీ ఏడ్చాను. సినిమా పాతబడిపోయిందా? నేనే అక్కడ ఆగిపోయానా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: మీ అబ్బాయి చూపు చురుకైనదమ్మా. వాడు పావుగంటలో పట్టుకున్న ఆ సంగతిలోనే సినిమా ప్రాణం ఉందని నా నమ్మకం. అది చెప్పాలంటే ముందు మా నాయనమ్మ గురించి చెప్పాలి.

భీమవరంలో, వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం టీవీలో ఈ సినిమా వచ్చింది. నాకప్పుడు పదమూడేళ్లు. నాయనమ్మ కింద చాప మీద కూర్చుని ఆవకాయ ముక్కలకు జీడి తీసి, ఒక్కొక్కటీ పాత పంచె గుడ్డతో తుడుస్తోంది. ఆవిడకు ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. ‘ముసలి కుక్క ఏమంటోందే?’ అని అడిగింది. నాకు అర్థమైనంత చెప్పాను, అర్థం కానిది కల్పించి చెప్పాను. కాసేపటికి ఆవిడ అడగడం మానేసి తనే చెప్పడం మొదలుపెట్టింది. పిల్లి ఏరు దాటనని మొండికేస్తే, ‘నేను రాను బాబూ, నీళ్లంటే నాకు పడదు, మీరెళ్లండి’ అని దాని తరఫున ఆవిడే అనేసింది.

రైల్వే యార్డు దగ్గర పుచ్చిపోయిన చెక్కలు విరిగి ముసలి కుక్క షాడో బురదగుంటలో పడిపోతుంది కదా. కాలికి దెబ్బ. పైకి రమ్మని కుర్ర కుక్క ఛాన్స్ బతిమాలుతుంటుంది. నాయనమ్మ చేతిలో మామిడి ముక్క అలాగే పట్టుకుని, ‘నా వల్ల కాదురా, నువ్వెళ్లు, అంటోంది’ అంది. నిజంగానే అక్కడ షాడో చెప్పేది అదే. నేనింకా ఆ ఇంగ్లిష్ కూడబలుక్కుంటూనే ఉన్నాను.

ఆ కుక్క నోరు కదలలేదు కాబట్టే మా నాయనమ్మ మాట దానికి సరిగ్గా అతికింది.

ఈ కథ మొదట పుస్తకం. స్కాట్లండ్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన షీలా బర్న్‌ఫోర్డ్ 1961లో రాశారు. అందులో జంతువులు మాట్లాడవు. 1963లో డిస్నీ తీసిన మొదటి సినిమాలోనూ మాట్లాడవు, ఒక వ్యాఖ్యాత కథ చెబుతాడు. 1993లో మనం చూసిన దానికి వచ్చేసరికి మూడింటికీ గొంతులు పెట్టారు కానీ నోళ్ల జోలికి వెళ్లలేదు. మరో రెండేళ్లకు, 1995లో, ‘బేబ్’ వచ్చింది. అందులో పందిపిల్ల నోరు చక్కగా కదులుతుంది. నిజమైన జంతువులు, మరబొమ్మలు, కంప్యూటర్ బొమ్మలు కలిపి చేసిన ఆ పనికి ఆస్కార్ కూడా ఇచ్చారు. అదీ నాకు ఇష్టమైన సినిమానే. మీ బాబు తరానికి జంతువు మాట్లాడటమంటే అదే అలవాటు, వాడి తప్పేం లేదు. కాకపోతే కుక్క ముఖం మీద పెదాలు కదులుతుంటే నా చూపంతా పెదాల దగ్గరే ఉండిపోతుంది. చెవులు వాలడం, కనుబొమ ఒకటి పైకి లేవడం, ఊపిరి పీల్చి తల పక్కకు తిప్పుకోవడం కనపడవు. షాడోలో కనపడేవన్నీ అవే.

షాడోకు గొంతు ఇచ్చిన డాన్ ఆమీచీ 1908లో పుట్టారు. సినిమా విడుదలయ్యే నాటికి 84 ఏళ్లు. అదే ఏడాది డిసెంబరులో పోయారు. 1996లో వచ్చిన రెండో భాగంలో ఆ గొంతు వేరే నటుడిది. ఈ సంగతి తెలిశాక గుంట ఘట్టం మళ్లీ చూశాను. ‘ఇక నా వల్ల కాదు’ అనే మాటలో నటన ఎంతో, వయసు ఎంతో నేను విడదీయలేకపోయాను.

లోపాలు లేవని అనను. ఛాన్స్‌కు రాసిన జోకుల్లో సగం తీసేసినా నష్టం లేదు. ఇంటివాళ్ల పాత్రల మీద పెద్దగా శ్రద్ధ పెట్టలేదు. అయితే ఇప్పుడు చూస్తుంటే నన్ను ఎక్కువ పట్టి లాగేది ఆ ఇంటివాళ్లే. ఉద్యోగం కోసం కొన్నాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తూ మూడింటినీ స్నేహితురాలి పశువుల ఫారంలో వదిలి వెళ్తారు. చెడ్డవాళ్లు కాదు. మళ్లీ వస్తామని వాళ్లకు తెలుసు, ఆ ముక్క కుక్కకు చెప్పే దారే లేదు. మేం భీమవరం వదిలి హైదరాబాద్ వచ్చేటప్పుడు మా రంగడిని ఎదురింటి మామ్మగారికి అప్పగించాం. ఆటో ఎక్కేముందు మెడ కింద గోకుతూ ‘నెలలో వస్తాగా’ అన్నాను. అది తోక ఊపింది. నెలలో వెళ్లలేకపోయాను. వెళ్లేసరికి అది లేదు.

అందుకే అడుగుతున్నాను, ఈసారి మీరు ఏ చోట ఏడ్చారు? చిన్నప్పుడు ఏడ్చిన చోటేనా? వీలుంటే రాయండి. ఈ ఆదివారం టీవీ మ్యూట్‌లో పెట్టి, ఆ గుంట ఘట్టం ఒక్కటే బాబుకు చూపించండి. ‘కుక్క ఏమంటోందిరా?’ అని వాణ్నే అడగండి.

ప్రశ్న: సినిమాల్లో సరే, నిజంగా కుక్కలు అంత దూరం నుంచి ఇల్లు వెతుక్కుంటూ వస్తాయా?
– ఇంటర్ విద్యార్థి, కరీంనగర్

జవాబు: వచ్చిన కుక్క ఒకటుంది బాబూ, దాని పేరు బాబీ. 1923 ఆగస్టులో అమెరికాలోని ఇండియానాలో తప్పిపోయి, 1924 ఫిబ్రవరిలో ఒరెగాన్‌లోని సిల్వర్టన్‌లో తన ఇంటికి చేరింది. దగ్గర దగ్గర 4,000 కిలోమీటర్లు. వచ్చేసరికి కాలిగోళ్లు అరిగిపోయాయి, ఒళ్లు చిక్కి శల్యమైంది. దారిలో దానికి అన్నం పెట్టినవాళ్లు తర్వాత ఉత్తరాలు రాశారు. ‘హోమ్‌వర్డ్ బౌండ్’ చిత్రీకరించింది కూడా ఆ ఒరెగాన్ రాష్ట్రంలోనే.

ఎలా వస్తాయన్నదానికి వాసన ఒక్కటే జవాబు కాదు. 2020లో చెక్ పరిశోధకులు 27 వేట కుక్కలకు జీపీఎస్ పట్టీలు కట్టి అడవిలో వదిలారు. ఎక్కువసార్లు అవి వెళ్లిన దారినే వాసన పట్టి వెనక్కి వచ్చాయి. కొన్నిసార్లు మాత్రం కొత్త దారిన వచ్చాయి. అలా వచ్చేముందు చాలాసార్లు ఓ 20 మీటర్లు ఉత్తర దక్షిణాల వెంట పరుగెత్తాయి. భూమి అయస్కాంత శక్తిని బట్టి దిక్కు సరిచూసుకుంటున్నాయని వాళ్ల ఊహ. అది చదివినప్పటి నుంచి వీధి కుక్క ఊరికే అటూ ఇటూ పరుగెత్తినా ఆగి చూస్తున్నాను.

ప్రశ్న: డాలస్‌లో ఉండే మా మనవరాలు వచ్చే నెల వస్తోంది. ఐదేళ్లు. ఈ సినిమా చూపిస్తే భయపడుతుందా?
– ఒక తాతగారు, గుంటూరు

జవాబు: మూడు చోట్ల భయపడొచ్చండి. పిల్లి ఏట్లో కొట్టుకుపోయినప్పుడు, ప్యూమా వెంటపడినప్పుడు, ఛాన్స్ మూతికి ముళ్లపంది ముళ్లు గుచ్చుకున్నప్పుడు. మూడూ క్షేమంగా ఇల్లు చేరతాయని మొదలుపెట్టకముందే చెప్పేయండి, కథకు ఏమీ కాదు. చివర్లో కుర్ర కుక్క వస్తుంది, పిల్లి వస్తుంది, ముసలిది మాత్రం ఎంతకీ రాదు. ఆ కాసేపు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోండి.